మందు పేరు అప్పజెప్పించిన దేవసహాయం గారు

కాంపౌండరు దేవసహాయం గారు ఇక లేరు. మీ సంఘంలో అనే మాటలో ప్రభువు సన్నిధికి చేరారు, మా ఇళ్ళలో అనే మాటలో కాలం చేశారు. ఏ మాటలో చెప్పుకున్నా నాకింకా నమ్మకం కుదరడం లేదు. గురువారం ఉదయం పదింటికి, తన బల్ల మీదికి ఎండ వచ్చిందని నాతో పోట్లాడిన మనిషి, ఆ సాయంత్రం నాలుగింటికి గుంటూరులో కన్నుమూశారు. పోట్లాటలో ఆఖరి మాట నాదే. "ఎండ నేను తెచ్చానా, జరిగి కూర్చోండి" అన్నాను. ఆయన జరిగి కూర్చున్నారు. ఆ తరువాత మా మధ్య మాటలు లేవు.

పాస్టరు గారు మా కొట్టుకు వచ్చి, సంఘ పత్రికకు ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నేను మీ సంఘస్థుణ్ణి కాను, ఆయనకు బంధువునూ కాను, శిష్యుణ్ణి అంతకన్నా కాను. నేను పురుగుమందులు అమ్ముకునేవాణ్ణి. ఆయన మెడికల్ షాపు నడిపిన గదిలోనే ఇప్పుడు నా కొట్టు ఉంది. ఆ మాటే అంటే పాస్టరు గారు, "అందుకేనండీ మిమ్మల్ని అడుగుతున్నది. చివరి రెండేళ్ళూ ఆయన్ని మాకన్నా ఎక్కువ చూసింది మీరేగా" అన్నారు. నిజమే, చూశాను. లోపల తిట్టుకున్నాను, పైకి విసుక్కున్నాను, రోజుకు రెండుసార్లు టీ తాగించాను. ఆ మహానుభావుడి గురించి రాసే అర్హత ఇంతకుమించి నాకేమీ లేదు.

మా ఊరు ప్రత్తిపాడు దాటాక పర్చూరు రోడ్డు మీద ఉంది. చుట్టూ పత్తి, మిరప. సెంటరులో బస్సు ఆగే చోట ముప్పై ఏళ్ళకు పైగా ఒకే ఒక్క మెడికల్ షాపు ఉండేది. అది దేవసహాయం గారిది. చిన్నతనంలో మిషన్ ఆసుపత్రిలో సీసాలు కడిగే పనికి చేరి, అక్కడే కాంపౌండరు పని నేర్చుకుని, తరువాత లైసెన్సు తెచ్చుకున్నారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చెవి మీద పెన్సిలు. డాక్టర్ల రాత చదవడంలో ఆయనకు సాటి లేరు. గుంటూరులో ఒక డాక్టరు తాను రాసిన చీటీ తానే చదవలేక, "మీ ఊళ్ళో దేవసహాయం ఉన్నాడుగా, ఆయనకు చూపించు, నేనేం రాశానో చెబుతాడు" అని రోగిని తిప్పి పంపాడట. ఈ కథ చెప్పింది దేవసహాయం గారే కనక నాకు కొంచెం అనుమానం ఉంది. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయనకు కాస్త గర్వం ఉండేది.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉండేది. గుండెకనీ, మూర్ఛకనీ, బీపీకనీ రోజూ మందు మింగే వాళ్ళ చీటీలన్నీ ఆయన దగ్గరే ఉండేవి. ఊరికో ఇనుప తీగ చొప్పున గుచ్చి, గోడకు వేలాడదీసేవారు. "మీ ఇంట్లో ఉంటే చెదలన్నా తింటాయి, కప్పు కారి తడవనన్నా తడుస్తుంది. నా దగ్గర ఉంచి వెళ్ళండి" అనేవారు. జనం కూడా హాయిగా ఉంచి వెళ్ళేవారు. నెలకోసారి వచ్చి "నా మందు" అంటే చాలు. ఆయన మొహం చూసి, తీగ మీద చీటీ తిరగేసి, లెక్కపెట్టి పొట్లం కట్టి ఇచ్చేవారు. ఏ మందు అని అడిగినవాడు లేడు, చెప్పవలసిన అవసరమూ ఆయనకు రాలేదు. అది ఎంత పెద్ద పొరపాటో కొట్టు మూసే రోజు దాకా ఆయనకే తెలియలేదు. ఈ మాట నాది కాదు, ఆయనే నాతో అన్న మాట.

కొట్టు నష్టం వచ్చి మూసింది కాదు. ఆయన కళ్ళు మూయించాయి. ఒక కంటికి శుక్లం తీయించుకున్నారు గాని చూపు సరిగా రాలేదు. రెండోది కూడా మసకబారింది. ఒకరోజు ఒక మాత్రల అట్ట మీద పేరు చదువుతుంటే మూడోసారికి గాని తేలలేదట. "రెండోసారికే ఇచ్చేసి ఉంటే ఏమయ్యేదండీ కోటేశ్వరరావు గారూ?" అని నన్ను అడిగారు. ఆ వారంలోనే సరుకంతా గుంటూరు హోల్‌సేలు వాళ్ళకు తిప్పి పంపి, లైసెన్సు అప్పజెప్పేశారు. పిల్లలు లేరు. ఆయనా, భార్య కరుణమ్మ గారూ, ఇద్దరే. చర్చి వెనక చిన్న ఇల్లు. ఇంటికి వెళ్ళి విశ్రాంతిగా కూర్చోవచ్చు గదా, కూర్చోలేదు. గోడకు వేలాడే చీటీలు మిగిలిపోయాయి.

అది తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన ఏడాదికి తరువాతి ఏడు. పురుగుమందుల కొట్టు పెడదామని నేను గది కోసం చూస్తున్నాను. గది తాళం నా చేతిలో పెడుతూ దేవసహాయం గారు ఒక మాట అడిగారు. "అరుగు మీద ఆ బల్ల మాత్రం కొన్నాళ్ళు నాకు ఉంచండి. చీటీల మనుషులు వస్తారు."

"ఎన్నాళ్ళండీ?" అన్నాను.

"అందరూ వచ్చేదాకా."

మహా అయితే ఓ నెల అనుకుని సరేనన్నాను. రెండేళ్ళు కూర్చున్నారు.

మొదట్లో నాకు ఒళ్ళు మండేది. మన దగ్గర మనిషి మింగేదీ మందే, చేలో కొట్టేదీ మందే, సాయంత్రం సెంటరులో తాగి తూలేదీ మందే. ఆయనది మందుల కొట్టు, నాదీ మందుల కొట్టు. అందుకని అరుగెక్కిన ప్రతి మనిషినీ ఆయన ఆపి, "మనిషికా, పైరుకా?" అని అడిగేవారు. ఎకరాల రైతును పట్టుకుని కూడా అదే ప్రశ్న. ఒకాయన అయితే, "కొట్టు కోటేశ్వరరావుదా, నీదా?" అని విసుక్కుని ఎదురు వీధిలోకి వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు గట్టిగానే అన్నాను, "మీరిట్లా వచ్చినవాణ్ణల్లా నిలదీస్తే నా వ్యాపారం ఏం కానండీ?" అని. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "తిట్టండి, వింటాను. అడగడం మాత్రం మానను" అన్నారు. అంత మొండితనం అంత నెమ్మదైన గొంతులో నేను ఇంకెక్కడా వినలేదు.

ఆయన ఎందుకు మానలేదో నాంచారమ్మ వచ్చిన రోజున నాకు తెలిసింది. నాంచారమ్మ మా పక్క పల్లెలో మిరపకోతకు వెళ్ళే కూలి మనిషి. అరవై దాటి ఉంటుంది. ఆ వేళ దేవసహాయం గారు ఏదో పని మీద ఇంటికి వెళ్ళారు. కొట్లో జనం. ఆవిడ లోపలికొచ్చి కొంగుముడి విప్పుతూ, "మందియ్యయ్యా, పోయినసారి ఇచ్చిందే" అంది. నేను తలెత్తకుండానే, "ఎన్ని ఎకరాలకు?" అని అడిగాను.

"ఎకరాలేందయ్యా, నాకే. కాళ్ళు వాత్తన్నయ్యి, ఆయాసం. దేవసాయం గారి మందు."

కొట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే అరుగెక్కుతున్న దేవసహాయం గారు మాత్రం నవ్వలేదు. నా చేతి పక్కనున్న పురుగుమందు డబ్బా వైపు చూసి, ఆవిడ వైపు చూసి, బల్ల మీద కూలబడ్డారు. నా నవ్వు ఆగిపోయింది. ఆ రోజు నుంచి "మనిషికా, పైరుకా?" అని నేను కూడా అడగడం మొదలుపెట్టాను.

చీటీలు చేతిలో పెట్టి పంపించేస్తే పని అయిపోతుందని నేను అనుకున్నాను. ఆయన పద్ధతి వేరు. నాంచారమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, "నీ మందు పేరేమిటి?" అని అడిగారు.

"పేరేందయ్యా, బిళ్ళ. తెల్లది. చిన్నది."

"గుంటూరు కొట్టులో చిన్న తెల్ల బిళ్ళలు బస్తాడుంటాయి నాంచారమ్మా. వాటిల్లో నీది ఏదని వాడికెట్లా తెలుస్తుంది?"

"తవరు చెప్పరాదా?"

"నేను ఎల్లకాలం ఉంటానా? నువ్వే చెప్పాలి."

దేవసహాయం గారు చాలా ఏళ్ళు మీ సండే స్కూల్లో పిల్లలకు బైబిలు కంఠత వాక్యాలు నేర్పారని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ విద్యనే మా అరుగు మీద ప్రయోగించారు. ముందు ఆయన విడివిడిగా పలికేవారు, తరువాత వాళ్ళు పలకాలి, మూడుసార్లయ్యాక రోడ్డు వైపు తిరిగి, చీటీ చూడకుండా అప్పజెప్పాలి. పేరు, బలం, పూట. మూడూ తప్పులేకుండా చెబితేనే చీటీ చేతికిచ్చేవారు. "చీటీ పోవచ్చు, తడవొచ్చు, మేక తినొచ్చు. నోటికొచ్చిన పేరును ఎవరూ తీసుకుపోలేరు" అనేవారు. చదువు రాని మనుషులు, జీవితంలో ఇంగ్లీషు ముక్క పలకనివాళ్ళు, మా అరుగు మీద నిలబడి మందుల పేర్లు వల్లించడం సెంటరులో అందరికీ కాలక్షేపంగా ఉండేది. ఒక్కొక్కరూ సరిగ్గా చెప్పి చీటీ పుచ్చుకుంటుంటే ఆయన మొహం చూడాలి. బహుమతి ఇచ్చే హెడ్మాస్టరులా వెలిగిపోయేవారు.

నాంచారమ్మది గుండెకు వాడే డిగాక్సిన్. మొదట "డిగాసిను" అంది. దిద్దితే "డిగ్గాక్సిను" అంది. ఆఖరికి పేరు పట్టింది గాని, బలం దగ్గర బండి ఆగిపోయింది. ఆ బిళ్ళ సున్నా పాయింటు రెండు అయిదు మిల్లీగ్రాములు. అదే మందు తక్కువ బలంలో కూడా దొరుకుతుంది కనక అంకె చెప్పక తప్పదు. ఆవిడకేమో ఆ సున్నా ఎందుకో, ఆ పాయింటు ఏమిటో తలకెక్కలేదు. దేవసహాయం గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "అదంతా వద్దు. పావు అను. సున్నా పాయింటు రెండు అయిదంటే పావేగా. డిగాక్సిన్ పావు."

"డిగాక్సిను పావు" అంది ఆవిడ టక్కున. పావు ఆవిడకు పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట.

ఇక పూట. ఆ బిళ్ళ రోజుకొకటి, వారానికి ఐదు రోజులే వేసుకోమని డాక్టరు రాశారు. దానికీ ఆయన ఉపాయం చెప్పారు. "శనివారం మీ వెంకన్నది. ఆదివారం మా ప్రభువుది. ఆ రెండు రోజులూ బిళ్ళకు సెలవు. తెలిసిందా?" నాంచారమ్మ విరగబడి నవ్వింది. రోడ్డు వైపు తిరిగి, దణ్ణం పెట్టుకుంటున్నట్టు చేతులు జోడించి, "డిగాక్సిను పావు, రోజుకొకటి, పొద్దున్నే, శనాదివారాలు సెలవు" అని గడగడా అప్పజెప్పి చీటీ పుచ్చుకుని వెళ్ళింది. "చూశారా కోటేశ్వరరావు గారూ, మా సండే స్కూలు పిల్లలకన్నా నయం" అని ఆయన ఆ రోజంతా మురిసిపోయారు.

అందరికీ ఇంకో షరతు కూడా ఉండేది. గుంటూరులోనో ప్రత్తిపాడులోనో మందు కొన్నాక, తిరుగు బస్సు మా సెంటరులో దిగి ఆయనకు చూపించి వెళ్ళాలి. ఆయనకు అట్ట మీద అక్షరాలు కనపడవు గదా. ఆ సంగతి ఒప్పుకోవడానికి మనసొప్పక, "కోటేశ్వరరావు గారూ, మీ ఉచ్చారణ బాగుంటుంది, కాస్త చదవండి" అని నా చేతికిచ్చేవారు. నేను చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. తేదీ దాటిందేమో అదీ చదివించుకునేవారు. నేను తప్పు పలికితే వెంటనే దిద్దేవారు, నా ఉచ్చారణ బాగుంటుందన్న సంగతి మరిచిపోయి. కొట్లో బేరం వదిలేసి నేను అరుగు మీదికి వెళ్ళి మాత్రల అట్టలు చదువుతున్నానేమిటా అని నాకే ఆశ్చర్యంగా ఉండేది. రోజులు గడిచేకొద్దీ ఆ పిలుపు రాకపోతే నాకు తోచేది కాదు. మా స్నేహం అట్లా మొదలైంది. దాన్ని స్నేహం అని ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

నాంచారమ్మ మొదటి నెల మందు కొని చూపించి వెళ్ళింది. ఇరవై బిళ్ళలు. నాలుగు వారాలకు సరిగ్గా సరిపోతాయి. నెల తిరిగింది, ఆవిడ రాలేదు. మిరపకోతలు జోరుగా ఉన్నాయి, కుదరలేదేమో అన్నాను. ఇంకో రెండు వారాలు గడిచాయి. ఆ పల్లె నుంచి కూలికి వచ్చినవాళ్ళు బస్సు కోసం నిలబడి ఉంటే దేవసహాయం గారు కేకేసి అడిగారు. వాళ్ళలో ఒకావిడ, "ఆమెకింకా బిళ్ళలు అయిపోలేదంట అయ్యగారూ. ఈసారి బాగా కలిసొచ్చినయ్యి అంటంది" అంది.

ఆయన వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు. తరువాత లేచి నిలబడ్డారు. ఆయన నన్ను ఏదైనా చేసిపెట్టమని అడగడం అదే మొదలు. "మీ స్కూటరు తీయండి. నాంచారమ్మ ఏదో తప్పు చేస్తోంది."

పత్తిచేల మధ్య బండిబాటలో ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళాను. నాంచారమ్మ కల్లం దగ్గర పాకలో మంచం మీద కూర్చుని ఉంది. కాళ్ళు బాగా వాచి ఉన్నాయి. పడుకుంటే ఊపిరాడటం లేదని నాలుగు రోజులుగా కూర్చునే నిద్రపోతోందట. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయింది.

"మందు వేసుకుంటున్నావా?" అన్నారు ఆయన.

"ఏసుకుంటన్నా అయ్యా. ఒక్క రోజు తప్పలా. డిగాక్సిను పావు, రోజుకొకటి, పొద్దున్నే..."

"ఏదీ, చూపించు."

ఆవిడ దిండు కింద నుంచి కాగితం పొట్లం తీసింది. అందులో నూకల్లాంటి తెల్ల ముక్కలు. పక్కనే ఒక బ్లేడు ముక్క. "ఇంత చిన్న బిళ్ళని నాలుగు చెయ్యలేక చస్తన్నానయ్యా. కళ్ళు అగుపడవు. సగం పొడైపోతంది. తవరేమో పావే అన్నారాయె."

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. ఆయనకు వెంటనే అర్థమైంది. సున్నా పాయింటు రెండు అయిదు అని కొట్టులో చెప్పడానికి నేర్పిన పావును, ఆవిడ బిళ్ళలో పావు అనుకుంది. అప్పటిదాకా నిండు బిళ్ళ మింగిన మనిషి, పెద్దాయన స్వయంగా నేర్పాడు గదా అని, ఆ రోజు నుంచి నాలుగో వంతే మింగుతోంది. దేవసహాయం గారు నేల మీద చతికిలబడిపోయారు. ఆ తెల్ల పంచెకు మట్టి అంటడం నేను మొదటిసారి చూశాను.

"తప్పు నాది తల్లీ" అన్నారు.

నాంచారమ్మ కంగారు పడిపోయింది. "ఇప్పుడేమయిందయ్యా? మిగిలిన ముక్కలన్నీ ఒక్కసారే మింగేదా?"

"వద్దు వద్దు! అట్లా ఎప్పుడూ చేయకు. ఎంత వేసుకోవాలో డాక్టరే చెప్పాలి. పద."

నేను ఎద్దుబండి మాట్లాడాను. సెంటరు దాకా బండిలో, అక్కడి నుంచి బస్సులో ఆవిడను గుంటూరు తీసుకెళ్ళారు. ఆసుపత్రిలో ఆవిడ ఉన్న పది రోజులూ కరుణమ్మ గారు ఇంట్లో వండి ఇస్తే, ఈయన కారియరు పట్టుకుని రోజూ బస్సెక్కారు. ఆవిడ బతుకుతుందా లేదా అని మొదటి మూడు రోజులు తెలియలేదు. ఆ మూడు రోజులూ సెంటరులో దిగి నా కొట్టు ముందు నుంచే ఇంటికి వెళ్ళారు గాని బల్ల మీద కూర్చోలేదు. నాలుగో రోజు వచ్చి కూర్చుని, "పడుకుని నిద్రపోయిందండీ" అన్నారు. అన్నాక కండువాతో మొహం కప్పుకున్నారు. నేను టీ తెప్పించాను. అది చల్లారిపోయింది.

ఆయన్ను ఊరడిద్దామని నేను ఒక తెలివితక్కువ మాట అన్నాను. "పోనీండి, ఆవిడకు బుర్ర లేకపోతే మీరేం చేస్తారు?" అని. రెండేళ్ళలో నా మీద ఆయనకు నిజంగా కోపం వచ్చింది ఆ ఒక్కసారే. "బుర్ర లేనిది ఆవిడకా? పావంటే నాలుగో వంతని ఈ జిల్లాలో పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. తెలియంది నాకు. నేను చెప్పింది ఆవిడ అచ్చంగా అప్పజెప్పింది గదా అని మురిసిపోయాను. ఏం అర్థమైందని అడిగానా?"

ఆవిడ ఇంటికి చేరిన మరునాటి నుంచి ఆయన బల్ల మీద లేరు. అప్పటికే చీటీలు పుచ్చుకుని వెళ్ళిపోయిన ప్రతి మనిషినీ వెతుక్కుంటూ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు. ఆ మసక కళ్ళతో, గొడుగు కర్ర ఆనించుకుంటూ, బస్సున్న చోటికి బస్సులో, లేని చోటికి నడిచి. కరుణమ్మ గారు మా కొట్టుకు వచ్చి, "మీరన్నా చెప్పండి బాబూ, నా మాట వినడం లేదు" అని కన్నీళ్ళు పెట్టుకున్నారు. నేను చెప్పాను. "ఒకరి సంగతి బయటపడింది. బయటపడని వాళ్ళెంతమందో నాకు తెలియాలి గదండీ" అన్నారు.

అప్పుడు అడిగే ప్రశ్న మారింది. "నేనేం చెప్పానో చెప్పొద్దు. నువ్వు ఏం చేస్తున్నావో చేసి చూపించు" అనేవారు. చేసి చూపిస్తుంటే ఒక్కొక్క తప్పూ బయటపడేది. పరగడుపున వేసుకోమన్న బిళ్ళను ఒకాయన టీ తాగాక వేసుకుంటున్నాడు, టీ అన్నం కాదు గదా అని. మూర్ఛ మందు వాడే ఒక రైతుకు "పడుకోబోయే ముందు ఒకటి" అని చెప్పి ఉన్నారు. ఆయన నెలలో సగం రోజులు వేసుకోవడం లేదు. ఎందుకయ్యా అంటే, "కరెంటు రాత్రిపూట ఇచ్చే వారం నేను పడుకోను గదండీ, మోటారు కాడే ఉంటాను. పడుకోనప్పుడు బిళ్ళెందుకని మానేశాను" అన్నాడట. ఇది నాకు చెబుతూ దేవసహాయం గారు నవ్వారు. నాంచారమ్మ సంగతి తరువాత ఆయన నవ్వడం అదే మొదలు. "ఎంత పద్ధతైన మనిషో చూడండి. నా మాట అక్షరం తప్పలేదు" అన్నారు. ఆ రైతుకు పడుకోవడంతో సంబంధం లేకుండా, రాత్రి అన్నం తిన్న కంచం కడగ్గానే మింగమని చెప్పి వచ్చారు. అన్నం మాత్రం మోటారు దగ్గరైనా తింటాడు గదా.

ఆ తిరుగుడు మూడు నెలలు సాగింది. మనిషి సగమయ్యారు. తిరిగి వచ్చి బల్ల మీద కూర్చున్న రోజున నేను పైకి ఏమీ అనలేదు గాని, కొట్టుకు కళ వచ్చిందనిపించింది. నాంచారమ్మ కోలుకుని, మళ్ళీ బిళ్ళలు చూపించడానికి వచ్చినప్పుడు, ఆయన ఆవిడ చేత అరుగు మీదే ఒక బిళ్ళ తీయించి, నిండుగా నోట్లో వేయించి, నీళ్ళు తాగించి మరీ పంపారు. పావు అన్న మాట మాత్రం మళ్ళీ ఎవరికీ నేర్పలేదు. రెండు అయిదు అని రెండు వేళ్ళు, ఐదు వేళ్ళు చూపించమనేవారు.

ఇక గురువారం సంగతి. పదకొండింటికి పక్క ఊరి రైతుకు బిల్లు రాస్తున్నాను. బల్ల మీద నుంచి "కోటేశ్వర..." అని వినపడింది. మిగతా మాట ముద్దగా వచ్చింది. వెళ్ళేసరికి ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నారు. కారు మాట్లాడి, కరుణమ్మ గారిని ఎక్కించుకుని గుంటూరు తీసుకెళ్ళాం. దారంతా ఆయన తల నా ఒళ్ళోనే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని మాట లేదు.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు, చురుకైనవాడు. నాడి చూస్తూ, బీపీ చూస్తూ, కాగితం మీద రాసుకుంటూ అడిగాడు, "ఈయన ఏం మందులు వాడతారు?"

కరుణమ్మ గారు నా వైపు చూశారు. నేను ఆవిడ వైపు చూశాను.

"బీపీకేదో వేసుకుంటారు బాబూ" అన్నారు ఆవిడ.

"పేరేమిటమ్మా?"

"తెల్లవి. పొద్దునొకటి, సాయంత్రం ఒకటి. ఆయన మందు ఆయనే తెచ్చుకుంటారు. నాకేం తెలుసు?"

"చీటీ ఉందా?"

నేను ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. చీటీలున్నాయి. నాలుగు. ఒక్కొక్కటీ డాక్టరు ముందు పెట్టి పేర్లు చదివాను. నాలుగూ వేరేవాళ్ళవి. ఇంకా వచ్చి తీసుకోని మనుషులవి. డాక్టరు విసుక్కోలేదు. ఇంజక్షన్ ఏదో చేసి, తనకు తోచింది చేశాడు. నాలుగింటికి బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. మందు పేరు తెలిసి ఉంటే ఏమన్నా తేడా ఉండేదా అని అడిగాను. "ఉండేది కాదేమోనండీ" అన్నాడు. ఆ "ఏమో"తో నేను రోజూ కొట్టు తెరుస్తున్నాను.

దేవసహాయం గారి వంటి కర్తవ్యనిష్ఠ, నిరాడంబరత, తన పొరపాటును తన కాళ్ళతో నడిచి దిద్దుకునే ధైర్యం మళ్ళీ నా కంటపడవు. మీ సంఘానికీ, మా సెంటరుకూ ఆ లోటు తీరదు. ఆ మహనీయుడి స్మృతికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కానీ ఈ మాటలతో నా గుండె బరువు దిగడం లేదు.

దేవసహాయం గారూ, పల్లెపల్లెకూ నడిచి, ఎవరి మందు పేరు వాళ్ళ నోట పలికించారు. రెండేళ్ళు మీ పక్కన ఉన్నాను. పరాయివాళ్ళ అట్టలన్నీ మీకు చదివి వినిపించాను. అన్ని రోజుల్లో ఒక్కనాడు, టీ గ్లాసు అందిస్తూనైనా, "మరి మీరేం వేసుకుంటారండీ?" అని నేను మిమ్మల్ని అడగలేదు. నన్ను క్షమించండి.